డ్యామ్ కోసం ఖైతాన్‌లో పెట్టిన సంతకాలు

నేను కువైట్‌లోని ఖైతాన్‌లో ఒక టైపింగ్ సెంటర్లో పనిచేస్తున్న రోజులవి. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. అక్కడ ఉండేందుకిచ్చే ఇఖామా ఫారాలు, సెలవు అర్జీలు, పని మారేవాళ్ల కాగితాలు పొద్దస్తమానం కొడుతూ ఉండేవాణ్ణి. మాది గోదావరి పక్క ఊరు. కాలవలోకి నీళ్లు ఎప్పుడు వదులుతారన్న మాటే గానీ, అసలు వస్తాయా రావా అన్న మాట మా ఇంట్లో ఎన్నడూ వినలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరు వచ్చారు. ఆమెకు నలభై ఐదేళ్లుంటాయి. అబూ హలీఫాలో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. అతను అదే ఇంటి డ్రైవరు. ఇద్దరివీ రాయచోటి వైపు పక్కపక్క ఊళ్లు. ఆమె సంచిలోంచి ఒక ఫ్యాక్స్ కాగితం తీసి నా బల్ల మీద పరిచింది.

"దీంట్లో ఏముండాదో మాకు తెలిసే మాదిరి చెప్పు నాయనా. ఊర్లో తలా ఒక మాట అంటాండారు."

అది ఇంగ్లీషులో ఉన్న నోటీసు. వాళ్ల ఊళ్ల పైన కొండల మధ్య ఒక చిన్న కరెంటు కంపెనీ ఏనాడో కట్టిన డ్యామ్ ఉంది. దాని లైసెన్సు గడువు తీరింది. మళ్లీ లైసెన్సు కావాలంటే పెద్ద వరదనైనా తట్టుకునేలా కట్టను బలపరచాలని, అలుగు వెడల్పు చెయ్యాలని అధికారులు షరతు పెట్టారు. అంత పని తమ వల్ల కాదని, లైసెన్సే వదులుకుని కట్టకు గండి కొట్టి నీళ్లు వదిలేస్తామని కంపెనీ రాసిచ్చింది. కింద భూములున్నవాళ్లు అభ్యంతరాలుంటే రెండు నెలల్లోగా తెలపాలి.

"కరెంటు ఇంకో చోటినుంచి ఇస్తారు కదండీ, అక్కా?" అన్నాను తెలివితక్కువగా.

ఆమెకు కోపం రాలేదు. "కరెంటు ఎవురడిగినారు నాయనా? డ్యామ్‌లో నీళ్లుంటేనే మా బావుల్లో ఊరతాయి. అది కట్టకముందు మా జేజి రెండు మైళ్లు నడిచిపొయ్యి కడవ తెచ్చేదంట. మా నాయన ఆ డ్యామ్ కాడ లష్కరు. గేటు ఎత్తేది, దించేది ఆయన పనే. నేను ఆ కట్ట మీదనే పెరిగినా."

అసలు చిక్కు డ్రైవరు చెప్పాడు. "సగం పట్టాలు ఈడుండేవాళ్ల పేర్ల మీదుండాయి భాయ్. ఊర్లో సంతకాలు పెడితే చాలదంట. పట్టా ఎవురిదో వాళ్లే పెట్టాల, పాస్‌పోర్టు జిరాక్స్ అంటించాల అంటాండాడు వకీలు. పాస్‌పోర్టులేమో పనిలో పెట్టుకున్న కఫీళ్ల దగ్గరుండాయి."

అర్జీ రాయడానికి మరుసటి శుక్రవారం ఖైతాన్‌లోనే ఒక గదిలో కలిశారు. పదిహేను మంది దాకా వచ్చారు. చెప్పులు గుమ్మం బయట గుట్టపడ్డాయి. నేను కాగితం, పెన్ను పట్టుకుని మధ్యలో కూర్చున్నాను. కట్ట ఉక్కులా ఉందని, అధికారుల భయమంతా ఉత్తదేనని రాయమని అందరూ ఒకే మాట మీద ఉన్నారు. నేనూ రాయబోయాను.

"అట్ల రాయొద్దు," అందామె గోడ పక్కనుంచి. "కట్ట కింద ఊట ఉండాది. తూముకు ఎడమ పక్క, చింతచెట్టు సూటిన. మా నాయన బతికున్నంత కాలం ఆడ చెమ్మ చూసి వచ్చినాకే అన్నం తినేవాడు. కంపెనీవాళ్లకు చెప్పి చెప్పి నోరు పడిపోయినాది ఆయనకు."

గదిలో గోల లేచింది. "ఆ మాట నువ్వే రాసిస్తే వాళ్లు రేపే గండి కొడతారు కదమ్మా!" అన్నాడొకాయన.

"దాచిపెడితే మాత్రం? కట్ట తెగితే మొదట కొట్టుకపొయ్యేది మా ఇండ్లే. ఆ ఆఫీసర్లు చెప్పేది అబద్ధం కాదు. బాగు చెయ్యండి, తెంచొద్దండి అని అడుగుదాం. కంపెనీకి చేతగాకపోతే గవర్నమెంటు తీసుకోమందాం. రాయి నాయనా, చింతచెట్టు సంగతి కూడా రాయి."

డ్రైవరు, "ఆమె చెప్పిందే సరి, రాయండి భాయ్," అన్నాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే తగ్గారు. ఎన్నో అర్జీలు రాశాను గానీ, తమకు అడ్డం వచ్చే మాటను తామే ముందు చెప్పుకున్న అర్జీ అదొక్కటే. ఆమెకు సంతకం పెట్టడం వరకే వచ్చు. కానీ ఆ రోజు ప్రతి వాక్యం రెండుసార్లు చదివించుకుని, ఒప్పుకున్నాకే తల ఊపింది.

ఇక పాస్‌పోర్టుల పని. ఆమె తను పనిచేసే ఇంటి యజమానురాలిని, మామానే అడిగింది. ఎలా అడిగావక్కా అంటే నవ్వి చెప్పింది: "నాకొచ్చిన అరబీ ఎంత? మామా, మా ఊర్లో మాయ్ ఖలాస్ అన్నా. నీళ్లు అయిపోతాయంటే ఈ దేశంలో ఎవురికి అర్థం కాదు?"

ఆ పెద్దావిడ పాస్‌పోర్టు తీసిచ్చి ఊరుకోలేదు. మిగతా ఆడవాళ్లు ఏయే ఇళ్లలో ఉన్నారో కనుక్కుని, తనకు తెలిసిన చోటల్లా ఫోన్ చేసింది. ఒక మామా చెబితే ఇంకో మామా వింది. శుక్రవారాలు భోజనాలయ్యాక కారు తీసుకుపొమ్మని డ్రైవరుకు చెప్పింది. యల్లా అంటే యల్లా అని ఇద్దరూ సంతకాలకు, పాస్‌పోర్టులకు ఇల్లిల్లూ తిరిగారు. కొన్ని గుమ్మాల దగ్గర గంటసేపు ఎండలో నిలబడ్డారు. ఒక ఇంట్లో పాస్‌పోర్టు ఇవ్వమంటే ఇవ్వమన్నారు. ఆ ఇంట్లో పనిచేసే మనిషి వంటింటి కిటికీలోంచి చెయ్యి చాచి అర్జీ మీద వేలిముద్ర మాత్రం వేసింది. జిరాక్స్ లేకపోయినా ఆ ముద్రను తీసెయ్యొద్దని ఆమె పట్టుబట్టింది.

జిరాక్సులన్నీ మా సెంటర్లోనే తీశాను. మా యజమాని కేరళ ఆయన. కాగితాల కట్ట చూసి ఏమిటని అడిగాడు. చెప్పాను. మిషన్‌లో కాగితం నింపి వెళ్లాడు. గడువుకు వారం ముందు, సెలవు మీద వెళ్తున్న ఒక మేస్త్రీ ఆ కాగితాల కట్టను చేతిసామానులో పెట్టుకుని విమానమెక్కాడు.

మూడు నెలలు ఏ కబురూ లేదు. తర్వాత ఊరినుంచి ఫోన్ వచ్చింది. అధికారులు జీపులో వచ్చి, అర్జీ చేతిలో పట్టుకుని నేరుగా చింతచెట్టు సూటికి వెళ్లారట. అక్కడ తవ్వించి చూస్తే మట్టి తడిగా వచ్చిందట. ఉన్నదున్నట్టు రాసిన మనిషి ఎవరని పెద్ద ఇంజినీరు అడిగితే, లష్కరు కూతురు, కువైట్‌లో ఉంది అని చెప్పారట. ఆ మాట విన్నప్పుడు ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "మా నాయనను అడిగినట్టే ఉండాది," అంది.

ఏడాది తిరక్కముందే ఉత్తర్వు వచ్చింది. నేనే చదివి వినిపించాను. గండి కొట్టరు. డ్యామ్‌ను నీటిపారుదల శాఖ తీసుకుంటుంది. కరెంటు మిషన్లు ఆపేస్తారు. ఒక వేసవంతా నీటిమట్టం దించి కట్టకు మరమ్మతు చేస్తారు. ఆ వేసవిలో సెలవు దొరికినవాళ్లు దొరికినట్టు వెళ్లి రాళ్లు మోశారు. డ్రైవరు నెల రోజులు ఉండి, అరచేతులు బొబ్బలెక్కించుకుని వచ్చాడు. ఆ చేతులతోనే స్టీరింగు పట్టుకుని నన్ను చూడ్డానికి వచ్చి, "కట్ట ఎక్కి నడిస్తే ఇప్పుడు గట్టిగుండాది భాయ్," అన్నాడు.

భద్రత కోసం నీళ్లను ఇకమీదట మునుపటికంటే ఒక మనిషి ఎత్తు తక్కువగానే నిలబెడతారని ఆ ఉత్తర్వులోనే ఉంది. దానర్థం ఏమిటో నాకు తట్టలేదు. ఒక శుక్రవారం ఆమె వేరే పనిమీద వచ్చినప్పుడు, మీ చేనికి ఇప్పుడు బాగా పారుతోందా అక్కా అని అడిగాను.

"మాది పైమడి నాయనా. అంత ఎత్తుకు ఇంక నీళ్లెక్కవులే," అంది.

"ఊట సంగతి రాయించిన రోజే ఇది మీకు తెలుసా?"

"కట్ట మీద పుట్టినదానికి తెలీదా? కిందోళ్లకు పారతాంది, ఊరి బావుల్లో ఉండాయి. మాకు వానకు పండిందే శానా."

అంత మాటా ఇంట్లో కూర గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. బయట కారు హారన్ వినిపించింది. ఇంటికి చుట్టాలొస్తున్నారు, మామా త్వరగా రమ్మంది అంటూ సంచి చంకన పెట్టుకుని లేచింది. నేను గుమ్మం దాకా వెళ్లి, కారు మలుపు తిరిగే వరకూ నిలబడ్డాను.