శుక్రవారం ముక్క

ఆ పాల దుకాణంలో చీజు కోసి అమ్మే ఆవిడను వీధి వీధంతా చీజక్క అనే పిలిచేది. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే అనేవారు. పంతొమ్మిదేళ్ళుగా ఆ అద్దాల కౌంటరు వెనక నిలబడిన మనిషి. కాస్త గట్టిది, పిల్లలు తినేలా ఉండాలి అంటే చాలు, ఏ దిమ్మె మీద చెయ్యి వెయ్యాలో ఆమెకు తెలిసిపోయేది. అడిగిన బరువుకీ, కోసి తూకంలో వేసిన బరువుకీ ఎప్పుడో గాని తేడా వచ్చేది కాదు. వచ్చిన రోజు మాత్రం ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేది కాదు. భర్త బస్సు డ్రైవరు. గుమ్మంలో ఆమె ముఖం చూసి, "ఇవాళ ఎన్ని గ్రాములు?" అని అడిగేవాడు.

వేసవి మొదట్లో ఒకావిడ సంచీలోంచి పొట్లం తీసి కౌంటరు మీద పెట్టింది. కొని ఎనిమిది రోజులు కాలేదు, ముక్క అంచులంతా నీలం బూజు. చీజక్క ఇంకో ముక్క కోసిచ్చి పంపేసింది. మరుసటి వారం మరొకరు వచ్చారు. నెల తిరిగేసరికి ఏడుగురయ్యారు. దుకాణం యజమానికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ రోజు ఎంత నెమ్మదిగా మాట్లాడాడంటే చీజక్క ముందుకు వంగి వినాల్సి వచ్చింది.

ఎండలు తగ్గేదాకా చూస్తానన్నాడు. అప్పటికీ ఇలాగే ఉంటే కౌంటరు తీసేసి కంపెనీ ప్యాకెట్ల ఫ్రిజ్ పెట్టిస్తానన్నాడు. ఆమెకు వచ్చిన భయమేమీ లేదని, బిల్లుల దగ్గర కుర్చీ వేయిస్తానని, హాయిగా కూర్చోవచ్చని కూడా అన్నాడు.

"నాకు కూర్చోవడం చేతకాదు సార్," అంది చీజక్క. "కోసింది నేను, దాచింది వాళ్ళు. ఎలా దాస్తున్నారో వెళ్ళి చూసొస్తాను."

"కొన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఫ్రిజ్‌లు తెరుస్తావా?"

"తెరవనిస్తే తెరుస్తాను. లేకపోతే గుమ్మంలో నిలబడి అడుగుతాను."

ఆయన లెక్కల పుస్తకం ముందుకు లాక్కున్నాడు. ఆమె దాన్ని ఒప్పుకోలు కింద తీసుకుంది.

ఆదివారాలు దుకాణానికి సెలవు. రెండు ఆదివారాలు ఆమె ఇళ్ళ వెంట తిరిగింది. మొదటి ఇంట్లో ముక్క ఫ్రిజ్ తలుపు అరలో, పాల సీసా పక్కన ఉంది. తలుపు తీసినప్పుడల్లా వేడి, వేసినప్పుడల్లా చలి. రోజుకు ముప్ఫైసార్లు స్వెట్టర్ విప్పి తొడిగితే మనిషికైనా జ్వరం రాదా అని చీజక్క ఆ ఇల్లాలిని అడిగింది. రెండో ఇంట్లో ప్లాస్టిక్ కాగితంతో నాలుగు చుట్లు బిగించారు. విప్పి చూస్తే లోపల ముక్క చెమట పట్టి జిగురు జిగురుగా ఉంది. మూడో ఇంట్లో సగం కోసిన ఉల్లిపాయ పక్కన పెట్టారు. అక్కడైతే చీజక్క వాసన చూసి, ఇది చీజు కాదమ్మా, చీజు వేషం వేసిన ఉల్లిపాయ అని తేల్చేసింది. ఆ ఇల్లాలి ముఖం మాడిపోయింది. నాలుగో ఇంట్లో ఈసారి బూజు పట్టకూడదని పైఅరలో గడ్డకట్టించారు. వేలితో తడితే సుద్దముక్కలా పొడి రాలింది.

ఆరిళ్ళు తిరిగేసరికి ఆమెకు పాఠం కంఠతా వచ్చేసింది. చీజుకు ఊపిరాడాలి, అలాగని గాలికి ఎండిపోనూ కూడదు. అందుకే మైనం పూసిన కాగితంలో వదులుగా చుట్టి, ఆ పొట్లాన్ని డబ్బాలో ఉంచి, మూత బిగించకుండా పైన ఆనించాలి. డబ్బాను ఫ్రిజ్ అడుగున కూరగాయల అరలో పెట్టాలి, అక్కడ చలి ఒక్క తీరుగా ఉంటుంది. తీసిన ప్రతిసారీ కాగితం మార్చాలి. తడి చేత్తో ముట్టుకోకూడదు. ఆరు వంటగదుల్లో ఆరుసార్లు ఈ మాటలు చెప్పి, గెలిచినదానిలా నడుచుకుంటూ ఏడో ఇంటికి వెళ్ళింది.

అది ఉద్యోగం విరమించిన లెక్కల టీచరమ్మ ఇల్లు. ఆవిడ ఫ్రిజ్ అడుగు అరలో డబ్బా ఉంది. డబ్బాలో మైనం కాగితం పొట్లం, పొట్లం మీద పెన్సిలుతో తేదీ. చుట్టు వదులుగానే ఉంది. మూత ఆనించే ఉంది. చీజక్కకు చెప్పడానికి పాఠం మిగల్లేదు. పొట్లం విప్పితే అంచు వెంట నీలం గీత.

టీచరమ్మ పొట్లాన్ని మళ్ళీ చుట్టి డబ్బాలో పెట్టేసింది. ఏమైనా అని ఉంటేనే బాగుండేదనిపించింది చీజక్కకు.

దారిపొడుగునా మనసులో ఏవేవో సాకులు వెతుక్కుంది. కరెంటు పోయిందేమో, డబ్బా సరిగ్గా కడగలేదేమో. చివరికి అవతలివాళ్ళ చేతులను నమ్మడం మానేసి తన చేత్తోనే చూడాలనుకుంది. ఆ శుక్రవారం సాయంత్రం దుకాణంలో తను కోసిన ముక్కే ఒకటి కొనుక్కుని ఇంటికి తీసుకొచ్చింది. అడుగు అర కావాలి కదా. ఆ అర అత్తగారిది. అందులో ఆవిడ కంటి చుక్కల మందు, ముఖానికి రాసుకునే క్రీము, ఎవరికీ చెప్పని రెండు చాక్లెట్లు ఉంటాయి. అర ఖాళీ చెయ్యమంటే ఆవిడ ఒంటికాలి మీద లేచింది. కొంతసేపటికి సగం అరకు రాజీ కుదిరింది. చీజక్క రోజూ ఉదయం పొట్లం విప్పి చూడడం, కాగితం మార్చడం, మళ్ళీ పడుకోబెట్టడం చూసి, ఈ వయసులో నా కోడలికి చంటిపిల్ల పుట్టిందని అత్తగారు పక్కింటావిడతో చెప్పింది.

పదో రోజు, ఆదివారం, కంటి చుక్కల కోసం అర లాగింది అత్తగారే.

"ఏమే, నీ చంటిదానికి ఒళ్ళంతా నీలం పొక్కులొచ్చాయి. వచ్చి చూసుకో."

చీజక్క చూసింది. చుట్టింది తను, దాచింది తను. ఇక వేలెత్తి చూపడానికి ఎదుటి మనిషి లేడు. ఇప్పుడు ఊరుకుంటే కౌంటరు పోతుంది. ఆ పొట్లాన్ని అలాగే సంచీలో వేసుకుని, ఆ సాయంత్రం టీచరమ్మ ఇంటి తలుపు తట్టింది.

టీచరమ్మ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి కళ్ళజోడు సవరించుకుంది. తర్వాత లోపలికెళ్ళి ఒక నోట్‌బుక్ తెచ్చింది. ఆవిడ ఇంట్లోకి వచ్చే ప్రతి వస్తువుకూ అందులో ఒక వరస ఉంది. ఎప్పుడు తెచ్చింది, ఎప్పుడు విప్పింది, ఎప్పుడు పాడైంది. ముప్ఫయ్యేళ్ళు మార్కులు వేసిన చెయ్యి ఊరికే ఉండలేక రాస్తున్నానంది.

"ఐదుసార్లు కొన్నాను అమ్మాయ్. మూడు పాడయ్యాయి, రెండు చివరిదాకా బాగున్నాయి. బాగున్నవి సోమవారం కొన్నవి. పాడైనవి మూడూ శుక్రవారానివి. నీ ముక్క ఎప్పటిది?"

"శుక్రవారందే," అంది చీజక్క.

"అయితే తప్పు నా ఫ్రిజ్‌లోనూ లేదు, నీ ఫ్రిజ్‌లోనూ లేదు. శుక్రవారం పొద్దున్న ఏం చేస్తావు?"

"రోజూ చేసేదే టీచర్‌గారూ."

"రోజూ చేసేదే అయితే సోమవారం ముక్క కూడా పాడవ్వాలిగా. తాళం తీసినప్పట్నుంచీ నెమ్మదిగా చెప్పు."

చీజక్క వేళ్ళు మడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఏప్రాన్ కట్టుకుంటాను. నీళ్ళు కాస్తాను. పలక తుడుస్తాను. తర్వాత నీలి చీజు కోస్తాను. అక్కడికి వచ్చి ఆగిపోయింది. నాలుగో వేలు మడిచినది మడిచినట్టే ఉంది.

వేసవి మొదట్నుంచి యజమాని ప్రతి శుక్రవారం కొత్త రకం ఒకటి తెప్పిస్తున్నాడు. దాని లోపల నరాల్లా నీలం చారలుంటాయి. ఆ నీలం బూజే. కావాలని పెంచిన, ప్రాణమున్న బూజు. దాని రుచంతా అందులోనే ఉంది. ఘాటైన వాసన. జనం వచ్చే వేళకు ముక్కులు మూసుకోకూడదని చీజక్క దుకాణం తెరవకముందే, అన్నిటికన్నా ముందు దాన్ని కోసి పొట్లాలు కట్టేసేది. కత్తినీ పలకనూ వేడినీళ్ళ గుడ్డతో తళతళలాడేలా తుడిచి, అదే కత్తితో, అదే పలక మీద రోజంతా మిగతావి కోసేది. రాత్రి మూసేముందు మాత్రమే వాటిని సబ్బుతో కడిగి మరిగే నీళ్ళు పోసేది, అందుకే మిగతా రోజుల ముక్కలకు బూజు అంటలేదు. కొనేవాళ్ళ సౌకర్యం కోసమని తను పెట్టుకున్న పద్ధతి అది. గుడ్డ తుడిచింది కంటికి కనిపించేదాన్నే. కనిపించనిది కత్తి వెంట ప్రతి ముక్కలోకీ వెళ్ళి, ఎవరెంత బాగా దాచినా వారం తిరిగేసరికి నీలంగా పైకి లేచేది.

తెలిసినదాన్ని ఇంటికొచ్చి అత్తగారికి చెప్పింది. అత్తగారు చుట్టూ చూసి గొంతు తగ్గించింది. ఎవరికీ తెలీదు కదా, రేపట్నుంచి వేరే కత్తి వాడు, బూజు ఆగిపోతుంది, నోరు మూసుకుని పని చేసుకో అంది. అందులో తప్పేమీ కనిపించలేదు భర్తకు కూడా.

"ఆరిళ్ళకు వెళ్ళి పాఠాలు చెప్పొచ్చాను అత్తయ్యా," అంది చీజక్క. "ఒకావిడ ముఖం మాడ్చి మరీ వచ్చాను. ఇప్పుడు నోరు మూసుకుంటే ఆ పాఠం అబద్ధమవుతుంది."

"పాఠం నిజమేగా."

"నిజమే. చెప్పినదాని చెయ్యి శుభ్రంగా లేదు."

మర్నాడు యజమాని షట్టర్ ఎత్తుతుండగానే చెప్పేసింది. లోపలికి వెళ్ళాక చెబుదామంటే మళ్ళీ ధైర్యం చాలదేమోనని భయం. తప్పు తన కత్తిదని, ఏడుగురి ఫిర్యాదూ నిజమని, ఎలా జరిగిందో ఒక్కటీ దాచకుండా చెప్పింది. ఆయన షట్టర్ సగంలోనే వదిలేశాడు.

"అయితే నిన్నే తీసెయ్యాలి కదమ్మా," అన్నాడు చాలా నెమ్మదిగా.

"తీసెయ్యండి సార్. కౌంటరు మాత్రం తియ్యకండి. కోయడం ఎవరికైనా నేర్పి వెళ్తాను. నీలిది అన్నిటికన్నా ఆఖర్న కోయాలని, దానికి వేరే కత్తి, వేరే పలక, వేరే గుడ్డ ఉండాలని వాళ్ళకు చెప్పి మరీ వెళ్తాను."

"ఇంతటితో బూజు ఆగుతుందని నమ్మకమేమిటి?"

"ఈ శుక్రవారం కోసిన ముక్కలు ఏడిళ్ళకూ ఇస్తాను. మూడు వారాల తర్వాత తెచ్చి మీ ముందు విప్పమంటాను. అందాకా నన్ను ఉండనివ్వండి."

ఆయన మిగతా సగం షట్టర్ ఎత్తాడు. ఉండమనలేదు, వెళ్ళమనలేదు. చీజక్క ఏప్రాన్ కట్టుకుంది.

నీలి చీజు కోసం ఇంటినుంచి కూరలు తరిగే కత్తి, రొట్టె కోసే చిన్న చెక్క తెచ్చింది. శుక్రవారం దాన్ని సాయంత్రం ఆఖర్న, మిగతావన్నీ మూసి పెట్టాక కోసింది. ఆదివారం ఏడు పొట్లాలు సంచీలో వేసుకుని బయల్దేరింది. ప్రతి గుమ్మంలోనూ ముందు తన తప్పు చెప్పింది, తర్వాతే పొట్లం చేతికిచ్చింది. ఉల్లిపాయ ఇంటావిడ నడుం మీద చేతులు వేసుకుని పూర్తిగా విన్నది.

"అంటే మా ఉల్లిపాయ అమాయకురాలన్నమాట," అంది.

"బూజు విషయంలో అమాయకురాలే. వాసన విషయంలో కాదు. పక్కన మాత్రం పెట్టకండి," అంది చీజక్క. ఆవిడ నవ్వకుండా ఉండాలని చాలా ప్రయత్నించింది.

మూడు వారాలు ఆమెకు నిద్ర సరిగ్గా పట్టలేదు. చెప్పిన రోజు ఏడుగురూ వచ్చారు. తినగా మిగిలిన ముక్కలు తెచ్చారు. యజమాని స్వయంగా కౌంటరు ముందు నిలబడి ఒక్కొక్క కాగితం విప్పించాడు. ఒకటి, రెండు, మూడు. అంచులు కాస్త ముదిరాయి తప్ప రంగు మారలేదు. టీచరమ్మది నిన్న కోసినట్టుంది. ఆరూ అయ్యాయి. ఏడోది ఉల్లిపాయ ఇంటిది. దాని మూల మీద శనగగింజంత మచ్చ ఉంది.

యజమాని చీజక్క వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"అది ఆవిడ కత్తి కాదండీ, నా చెయ్యి," అంది ఉల్లిపాయ ఇంటావిడ. "మొన్న గిన్నెలు తోముతూ మధ్యలో తీశాను. తడి చేత్తోనే పట్టుకుని అదే కాగితంలో చుట్టేశాను. ఆవిడ వద్దని చెప్పింది కూడా."

చీజక్క ముక్కను దాని కాగితంతోనే పలక మీద పెట్టి, మచ్చకు రెండు వేళ్ళ వెడల్పు దూరంలో కత్తి దించింది. కత్తి మచ్చకు తగలనివ్వలేదు. గట్టి చీజుకు ఇలా చేయొచ్చని, మెత్తటిదైతే మొత్తం పారెయ్యాల్సిందేనని చెప్పింది. మచ్చ ఉన్న ముక్క చెత్తబుట్టలో వేసి, మిగిలినదాంట్లోంచి పలచగా ఒక పొర తీసి యజమానికి అందించింది. ఆయన నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

"నీలిదానికి వేరే పలకన్నావు. ఎంత పొడవుండాలి?"

"మూరెడు చాలు సార్," అంది చీజక్క. "కత్తి మాత్రం కాస్త బరువైనది తెప్పించండి."

ఆయన రెండూ రాసుకున్నాడు.