నిండు తొట్టి పక్కన మూడు రోజులు

అమలాపురంలో నేనుంటున్న ఫ్లాటులో స్నానాల గది గోడకు చెమ్మ దిగుతోందని నిన్న ఒక పనివాణ్ణి పిలిచాను. తొట్టికీ గోడ పలకలకీ మధ్య సందులో నింపడానికి అతనేదో తెల్ల జిగురు గొట్టం తెచ్చాడు. మూత తీయగానే గదంతా ముక్కులదిరే పులుపు వాసన. "ముందు తొట్టి నిండా నీళ్ళు పట్టు బాబూ" అన్నాను. "ఎందుకండీ? పది నిమిషాల పనండి ఇది" అని నవ్వాడు. నింపితేనే పని అన్నాను. ముసలావిడ చాదస్తం అనుకుని, విసుక్కుంటూనే నింపాడు. అది నా చాదస్తం కాదు, ఆశీర్వాదం గారిది. నా దగ్గర ఆయనవంటూ మిగిలినవి రెండే ఉన్నాయి. ఒకటి ఈ పద్ధతి. రెండోది చెప్పుకోవడానికే సిగ్గయ్యేది.

డెబ్భైల చివర మేము ముక్తేశ్వరం దగ్గర ఒక అగ్రహారంలో ఉండేవాళ్ళం. నాన్నగారు వేదం చెప్పేవారు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. ఇక ఆయనకు మిగిలింది తాతగారు స్వయంగా రాసిన తాళపత్రాలు. ఎడమచేతి వేలు వాటి మీద ఆనించి, పెదవులు కదుపుతూ పొద్దంతా గడిపేవారు. రోజూ గోరువెచ్చని నీళ్ళలో కూర్చోబెట్టమన్నారు డాక్టరుగారు. పెదనాన్నగారు కాకినాడలో ఎవరో దొర బంగళాలో సామాను అమ్ముతుంటే ఒక ఇనప తొట్టి కొని పంపించారు. నాన్నగారి గదిని ఆనుకున్న వసారాని స్నానాల గది చేసి, ఆ తొట్టి అమర్చడానికి వచ్చిన తాపీమేస్త్రి ఆశీర్వాదం గారు. క్రైస్తవుల పేటనుంచి సైకిలు మీద వచ్చేవారు. మా ఇంట్లో ఎవరూ ఆయన్ని 'గారు' అనలేదు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు, బి.యిడి. పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. నేనూ అనలేదు.

సందు పూడ్చే రోజున తొట్టి నింపాలన్నారు. మా బావిలో ఆయన చేద వెయ్యకూడదు. నేను తోడి గుమ్మం దాకా తెచ్చి కింద పెడితే, ఆయన బిందె అందుకుని పోసేవారు. చేతులు బొబ్బలెక్కి, "ఎందుకు మేస్త్రీ ఈ తిప్పలు?" అని విసుక్కున్నాను. "ఇలా రండి అమ్మాయిగారూ, చూడండి" అని తొట్టి అంచు చూపించారు. నీళ్ళు నిండేకొద్దీ అది నూలుపోగంత దిగింది. పలక మీద ఆయన పెన్సిలుతో గీసిన గీత తొట్టికి పైన మిగిలింది. "కాళీగా ఉన్నప్పుడు పూడిస్తే, బరువు పడ్డ రోజున విడిపోద్దండి. మొయ్యాల్సిన బరువు మోస్తా ఉండగానే ఆరాలండి, ఆయ్." కొబ్బరిపీచు పేని సందులోకి కూరి, పైన సుద్దా అవిసె నూనె కలిపిన లప్పం పెట్టి, తడి బొటనవేలితో ఒక్కలాగున లాగారు. ఎంత అందంగా వచ్చిందో! "మూడు రోజులు నీళ్ళు వదలకండి" అని మరీమరీ చెప్పి వెళ్ళారు.

మర్నాడు కాక ఆ మర్నాడు తాతగారి తద్దినం. అమ్మకు తొట్టి గుర్తొచ్చింది. "అతను ముట్టుకున్న నీళ్ళు ఇంట్లో పెట్టుకుని తద్దినం ఎలా పెడతామే? వదిలెయ్యి" అంది. మేస్త్రి వద్దన్నాడని చెప్పాలి. నాకు కారణం కూడా తెలుసు, కళ్ళారా చూశాను. అయినా వెళ్ళి బిరడా లాగేశాను. తద్దినం అయ్యాక నేనే మళ్ళీ నింపి పెట్టాను. మూడోరోజు సాయంత్రం ఆయన వచ్చి, నిండు తొట్టిని చూసి సంతోషించారు.

నాలుగు నెలలకు నాన్నగారి గదిలో ముక్కవాసన మొదలైంది. తొట్టివైపు గోడ చెమ్మెక్కి, గూట్లో అడుగునున్న తాళపత్రాల కట్ట విప్పితే ఆకులు ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దగా వచ్చాయి. నాన్నగారు ఆ ముద్దని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చారు. మాట లేని మనిషి ఏడుపు వినకూడదు. "ఆ మేస్త్రి ఏం పని చేశాడో చూడండి" అని అమ్మ వీధి వీధంతా చెప్పింది.

కబురు పెడితే వచ్చారు. సందు పొడుగునా బొటనవేలు నడిపించి, వెంట్రుకంత పగులు దగ్గర ఆపారు. నాకేసి చూశారు.

"మజ్జలో నీళ్ళు గానీ వదిలేరా, అమ్మాయిగారూ?"

"లేదు" అన్నాను.

"ఆయ్" అన్నారు. అంతే. అమ్మవైపు తిరిగి, "నా పనిలోనే తేడా వచ్చుంటదండి, మళ్ళీ చేస్తాను" అన్నారు.

చేశారు. ఈసారి తొట్టి నిండాక మాకు వదిలేసి పోలేదు. మూడు రోజులూ పొద్దున్నే వచ్చి, చీకటి పడేదాకా పెరటి మెట్టు మీద కూర్చున్నారు. తొట్టికి కాపలా కాస్తున్నారనుకున్నాను. ఆ మెట్టు దాటుకుంటూనే వందసార్లు తిరిగాను, ఎత్తునుంచి ఆయన దోసిట్లో మజ్జిగ పోశాను. ఆయన తలెత్తి చూసినప్పుడల్లా నేను చెంబులోకి చూసుకున్నాను. ఆ తర్వాత అగ్రహారంలో ఎవరూ ఆయన్ని పనికి పిలవలేదు. చుట్టుపక్కల ఊళ్ళకీ ఆ మాట పాకింది.

నాన్నగారు ఆ ఏడాదే, అమ్మ ఆ తర్వాత కొన్నేళ్ళకీ పోయారు. నాకు టీచరుద్యోగం వచ్చి, ధైర్యమూ వచ్చిందనుకుని, ఎనభైల మధ్యలో ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. ఒక కొబ్బరి కొట్టాంలో కాయలు ఒలుస్తున్నారు. తాపీ మానేసి చాలాకాలమైందట. బొటనవేలి గోరు చీలిపోయి ఉంది. "మేస్త్రిగారూ, ఆ నీళ్ళు నేనే వదిలేశాను" అన్నాను.

చేతిలో కాయ ఒలవడం పూర్తిచేసి అన్నారు. "అప్పుడే తెలుసండి. పగులు చూస్తే తెలీదాండీ? మీరే చెప్తారని ఆ మూడు రోజులూ కూర్చున్నానండి."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బతికిపోయేదాన్ని. "ఇంకిప్పుడు చెప్పకండి ఎవరికీ. ఆళ్ళంతా పోయేరు కదండీ" అని ఇంకో కాయ అందుకున్నారు.

ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. తప్పు చేసిన పిల్లల్ని ఏనాడూ గద్దించలేదు, వాళ్ళ పక్కన ఊరికే కూర్చునేదాన్ని. ఆయన దగ్గర నేర్చుకున్న రెండోది అదే. చాలామంది ఒక పూటలోనే చెప్పేసేవారు. పదీ పదకొండేళ్ళ పిల్లలు.

పనివాడు నిన్ననే వెళ్ళిపోయాడు. తొట్టి నిండుగా ఉంది, ఇవాళ రెండో రోజు. నేను స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాను. ఎవరైనా వచ్చి అడిగితే బాగుండును, ఈసారి వెంటనే చెప్పేస్తాను.