నామినీ గడి

బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే టైలరమ్మను ఎవరైనా పెన్ను అడిగితే, మూత తన దగ్గరే ఉంచుకుని ఇస్తుంది. బస్సులో సంచి జిప్పును పొట్టవైపు తిప్పుకుని కూర్చుంటుంది. ముప్ఫై ఏళ్ళు జీతంలోంచి కోత పెట్టించుకుని పింఛను కూడబెట్టింది. ఆ కాగితాలన్నీ నింపింది కానీ, తను పోయాక డబ్బు ఎవరికి చెందాలో రాసే నామినీ గడి మాత్రం ఖాళీగా వదిలేసింది. అందులో పేరున్న మనిషి తను ఎప్పుడు పోతుందా అని ఎదురుచూస్తూ కూర్చుంటాడని ఆమె భయం. మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని కొడుకు అడిగినా, కోడలు "కాస్త నడుం వాల్చండత్తయ్యా" అన్నా, వాళ్ళ కళ్ళు ఆ గడి మీదే ఉన్నాయనుకుంటుంది.

ఉద్యోగం ఆఖరి రోజున ఆఫీసు గుమాస్తా తల పట్టుకున్నాడు. "అమ్మా, ఈ సాయంత్రంలోగా పేరు రాయకపోతే మీ పింఛను మొదలవదు. తర్వాత నన్ను తిట్టుకోవద్దు."

"కొంపదీసి నీ పేరు రాయమంటావా ఏంటి?"

"నాకెందుకమ్మా ఆ ఖర్మ!"

చాలాసేపు ఆలోచించి, తనకంటే పన్నెండేళ్ళు పెద్దదైన అక్క పేరూ వయసూ చెప్పింది.

"ఆవిడకి డెబ్భై దాటాయి కదమ్మా?"

"అందుకే. నాకంటే ముందు పోయే మనిషి. నా చావు కోరుకుని ఏం చేసుకుంటుంది?"

సంతకం పెట్టేసి, గుండెల మీంచి బరువు దిగినట్టు బస్టాపులో కూర్చుంది. ఆఖరి రోజు ఎలా గడిచిందో కనుక్కుందామని అక్కే ఫోన్ చేసింది.

"ఏమే, ఒంట్లో బాగుందా?"

టైలరమ్మ సంచి జిప్పును పొట్టవైపు తిప్పుకుంది.

"అప్పుడే నీకెవరు చెప్పారక్కా?" అంది.