సేఫ్టీ డిపార్ట్‌మెంట్‌లో నా మొదటి ఉద్యోగం

మేము ఇంటర్ పాసైన ఎండాకాలంలో మా ఊళ్లో ఏ పిల్లవాణ్ణి కదిపినా ఒకటే మాట, ఎయిర్‌పోర్టులో పని దొరికితే చాలని. మహేశ్వరం దగ్గర మా ఊరి మీదుగా విమానాలు కిందికి దిగుతూ పోయేవి. వాటిలో ఎక్కాలన్న ఆలోచన మాకెవరికీ లేదు గానీ, వాటి చుట్టూ తిరిగే నౌకరీ మీద మాత్రం అందరికీ కన్నుండేది. నిజం చెప్పాలంటే నాకు నౌకరీ కన్నా మెడలో వేలాడే ఐడీ కార్డు మీద మోజు. మా వీధిలో ఒక సీనియర్ అది వేసుకునే కిరాణా కొట్టుకు వచ్చేవాడు (వేసుకునే పడుకుంటాడని వాళ్లమ్మ చెప్పేది). అంత చిన్న వస్తువును చూసి బతుకు దారి ఎంచుకున్నానంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం భయం కూడా వేస్తుంది.

మా బాపు ఆలోచన వేరు. ఆయన కాటేదాన్‌లో ప్లాస్టిక్ బకెట్లు చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సిటీలోని ఒక కాలేజీలో నాకు బీఎస్సీ సీటు వచ్చిందని మెసేజ్ రాగానే నా ఫోన్ పట్టుకుపోయి తోటి పనివాళ్లందరికీ చూపించి వచ్చాడు. తీరా కాలేజీలో సర్టిఫికెట్లు ఇచ్చి సీటు ఖాయం చేసుకోవాల్సిన ఆఖరి రోజున, నేను ఆ సర్టిఫికెట్ల ఫైలే చంకలో పెట్టుకుని శంషాబాద్‌లో ఒక కాంట్రాక్టరు ఆఫీసుకు పోయాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి బాపు గుమ్మంలోనే ఉన్నాడు.

"సీటు ఖాయమైందారా?"

"లేదు బాపు. నౌకరి దొరికింది. ఎయిర్‌పోర్టుల."

"ఏం నౌకరి?"

"సేఫ్టీ డిపార్ట్‌మెంటు."

అది అబద్ధం కాదు. వాళ్లిచ్చిన కాగితంలో ఆ మాట ఉంది. దాని కింద ఇంకో వరస కూడా ఉంది గానీ, దాన్ని పైకి చదవలేదు. "నన్ను ఏడో తరగతిల బడి ఇడిపించిన్రు. సదువుతవా అని నన్నెవ్వలడగలే. నిన్ను అడిగిన గదరా" అన్నాడు బాపు. ఆ తర్వాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. పక్కపక్కనే కూర్చున్న మా ఇద్దరి మధ్య అమ్మే మాటలు మోసింది.

ఇంతకీ ఆ రెండో వరసలో ఉన్నది, రన్‌వే దగ్గరికి పిట్టలు రాకుండా చూసే పని. పిట్ట ఇంజిన్‌లో పడితే విమానానికి ప్రమాదం కాబట్టి, పొద్దున్నుంచీ జీపులో తిరుగుతూ వాటిని తోలాలి. మా సూపర్‌వైజర్‌ది శంషాబాదే. మెడలో ఎప్పుడూ సీటీ, అంటే ఈల, ఉండేది కాబట్టి ఆయన్ను మేమంతా సీటీ భాయ్ అనేవాళ్లం. మొదటిరోజు పటాకులు పేల్చే తుపాకీ నా చేతికిచ్చాడు. అది పేలగానే నేను దబ్బున కూలబడ్డాను, ఎదురుగా ఉన్న తీతువులు కదలలేదు. తర్వాత నోటితో తోలబోతే భాయ్ నెత్తి కొట్టుకున్నాడు. "అరే, బతిమిలాడుతున్నవా ఏంది? గట్టిగ ఒర్రు!"

ఐదో రోజున బాపు మౌనం దానంతటదే విడిపోయింది. బస్సులో ఎవరో కొడుకేం చేస్తున్నాడని అడిగితే, "మావోడు విమానాలకు సేఫ్టీ చూస్తడు" అని చెప్పాడట. ఇగ అక్కణ్ణుంచి ఊరంతా అదే మాట. దుబాయ్‌లో ఉన్న కూతురి దగ్గరికి పోబోతున్న పక్కింటి పెద్దమ్మ నా దగ్గరికొచ్చి, విమానంలో ఏ సీటు భద్రమని అడిగింది. నేను గంభీరంగా ఆలోచించి, "మధ్యల కూసో పెద్దమ్మా" అన్నాను (దేవుడు నన్ను క్షమించుగాక).

వానలు పడ్డాక నాకు జ్వరమొచ్చి వారం రోజులు డ్యూటీకి పోలేదు. ఒక ఆదివారం పొద్దున సీటీ భాయ్ ఆపిల్ పండ్లు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. బాపు సంబరంగా కుర్చీ వేశాడు. విమానాల ఆఫీసరు వచ్చాడని పెద్దమ్మ కూడా వచ్చి నిలబడింది. భాయ్ చాయ్ తాగుతూ, "మీ పోరడు లేక జర పరేషాన్ ఉంది బాపు. వీడు ఒర్రిండంటే కొంగల గుంపు మొత్తం లేస్తది" అన్నాడు.

"కొంగలేంది?" అన్నాడు బాపు.

"వీని పని గదే గద. పిట్టలు తోలుడు."

నేను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. పెద్దమ్మ కిసుక్కున నవ్వింది. బాపు నవ్వలేదు. ఎవరికో చెబుతున్నట్టు మెల్లగా అన్నాడు: "నన్ను బడి ఇడిపించింది గూడ గందుకే. జొన్నచేన్ల మంచె మీద కూసోని పిట్టలు తోలనీకె. రెండేండ్లు తోలిన. బడి గంట గాడికి ఇనబడేది."

పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది. భాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నేను గూడ ఇంట్ల చెప్పలే బాపు. పైలట్లతోని పని అని మా అమ్మీకి రెండేండ్లు అబద్ధం చెప్పిన."

బాపు భాయ్ వైపు తిరిగాడు. "పిట్ట తగిల్తే విమానం నిజంగ పడ్తదా?"

"ప్రతిసారి పడది. ఒక్కసారి పడ్డా చాలు గద."

"గట్లయితే ఒక్క తీరుగ ఒర్రకుండ్రి. ఒక్క తాన్నే నిలవడకుండ్రి. రెండు రోజులల్ల పిట్ట సప్పుడుకు అలవాటు పడ్తది."

భాయ్ తలూపాడు. "మా ట్రైనింగుల గూడ గదే చెప్పిన్రు బాపు."

దుప్పటి కింద నా కళ్లు కారుతున్నాయి. తర్వాత అమ్మ అడిగితే జ్వరమని చెప్పాను. ఆ రోజు నుంచి బాపు సేఫ్టీ అన్న మాట ఎత్తలేదు. ఎవరడిగినా, "పిట్టలు తోల్తడు" అని తల ఎత్తి చెప్పేవాడు. ఆయన గొంతు విని ఒక్కరూ నవ్వలేదు.

ఆ జీపుకు ఇప్పుడు నేనే సూపర్‌వైజర్‌ని. ఆ పై మెట్టుకు మాత్రం డిగ్రీ కావాలన్నారు. ఇంటర్ అయి నేరుగా పనిలోకొచ్చే పిల్లలకు నేనేమీ సలహాలు ఇవ్వను (ఇచ్చే అర్హత లేదు). నా మట్టుకు నేను దూరవిద్యలో చేరి, మొన్న ఎండాకాలంలో మైలార్‌దేవ్‌పల్లిలోని ఒక బడిలో మొదటి పరీక్ష రాశాను. నేను గదిలోకి అడుగుపెట్టగానే పిల్లలంతా లేచి, "గుడ్ మార్నింగ్ సార్" అన్నారు. కూర్చోమని చెయ్యి ఊపి, నా నంబరు వెతుక్కుని మూడో బెంచీలో ఇరుక్కున్నాను. పక్కనున్న అమ్మాయి జాలిగా చూసి, "టెన్షన్ పడకండి సార్, పేపర్ ఈజీగనే ఉంటదంట" అంది.

బయటికొస్తే, పిల్లల తల్లిదండ్రుల మధ్య మా బాపు నిలబడి ఉన్నాడు. రావద్దని చెప్పాను, రెండు బస్సులు మారి మరీ వచ్చాడు.

"అన్ని వచ్చినయారా?"

"సగం వచ్చినయ్ బాపు."

"సగమంటే పాసే గద" అంటూ నా చేతిలోని పరీక్ష అట్ట తీసుకుని, చంకలో పెట్టుకుని, బస్టాపు వైపు ముందు నడిచాడు. ముప్పై దాటిన నేను, నిజంగా సగం రాశానా లేదా అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఆయన వెనకాలే పోయాను.