అందరూ తిన్నారు

బెంగళూరు హూడిలో అక్కయమ్మ వంట చేసిన ఇళ్ళన్నింటిలోనూ ఆమె చేతి పులుసుకు పేరుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, తెలియనట్టు మొహం పెడుతుంది అంతే. మదనపల్లె అవతలి పల్లె నుంచి కొత్త కోడలిగా వచ్చినప్పుడు మాత్రం బెంగళూరంటే ఆమెకు ఒట్టి బెదురు. బస్సెక్కితే ఎక్కడ దిగాలో తెలిసేది కాదు. కూరగాయలవాడు కన్నడంలో గట్టిగా ధర చెబితే తిట్టాడనుకుని సంచీ పట్టుకుని వచ్చేసేది. మొగుడు సొన్నప్ప ఆటో తోలుతాడు, ఊరంతా తిరుగుతాడు గానీ పెళ్ళానికి ఒక వీధి చూపించే ఓపిక ఆయనకెక్కడిది! తానే పడుతూ లేస్తూ అన్నీ నేర్చుకుంది. అందుకే కొత్త చోట బిక్కమొహం వేసుకుని నిలబడ్డవాళ్ళను చూస్తే ఆమె ప్రాణం ఉసూరుమంటుంది.

వంటకు కుదిరిన రోజు నోరీన్‌ను మొదటిసారి అలాగే చూసింది. ఐర్లండు నుంచి మొగుడి ఉద్యోగం వెంట వచ్చిన యాభై దాటిన మనిషి, అపార్ట్‌మెంటు వంటింట్లో గ్యాసు లైటరును తిప్పి తిప్పి చూస్తోంది. మొగుడు డెక్లన్, ఆస్పత్రి యంత్రాలు చేసే కంపెనీలో ఇంజనీరు. రెండేళ్ళుండి పోదామని వచ్చారు. ఆ రెండేళ్ళూ తొమ్మిదేళ్ళయ్యాయి. ఈలోగా నోరీన్ రాగిముద్దను నమలకుండా మింగడం నేర్చుకుంది, ఉడుకుడుకు రసంలో వేళ్ళు పెట్టడం నేర్చుకుంది, పక్కనున్న బడిలో పిల్లలకు ఇంగ్లీషు కథలు చెప్పడానికి కుదురుకుంది. జూన్‌లో మబ్బు పట్టి ముసురు మొదలైతే చాలు, బాల్కనీలో కుర్చీ వేసుకుని మా ఊరొచ్చిందని సంబరపడేది.

ఆమెకు ఒకటే పిచ్చి. గడప తొక్కినవాడు టీ తాగకుండా వెళ్ళకూడదు. ప్లంబరైనా, పార్సిలు తెచ్చినవాడైనా సరే. వద్దంటే మళ్ళీ అడిగేది, మళ్ళీ వద్దంటే కప్పు చేతిలో పెట్టేసేది. ఈ మర్యాద మన పక్కదే కదా అని అక్కయమ్మ మురిసిపోయేది.

అట్లాంటి మనిషి శనివారం పొద్దున స్నానానికని లేచి మంచం పక్కనే కూలబడింది. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయిందన్నారు. మధ్యాహ్నానికి హాల్లో సోఫాలు గోడకు జరిపి అద్దాల పెట్టెలో ఉంచారు. ఫాదర్ వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. నోరీన్ చెల్లెలు రేపు సాయంత్రానికి గానీ రాదు, సమాధి సోమవారం.

అక్కయమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే డెక్లన్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“అక్కయమ్మా, జనం వస్తారు. టీ పెట్టు. గుడ్డు శాండ్‌విచ్‌లు చెయ్యి, చాలా చెయ్యి. కేకు నేను తెప్పిస్తాను. నోరీన్ ఇంటి నుంచి ఎవరూ ఖాళీ కడుపుతో పోకూడదు,” అన్నాడు. ఇంగ్లీషే, కానీ ఆమెకు అర్థమయ్యేలా నెమ్మదిగా.

అక్కయమ్మ గుమ్మంలోంచి లేచింది. “సారూ, ఇట్లాంటప్పుడు ఎవురూ తినరప్పా. మాలో తినేకి లేదు...” అంది, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు కలిపి.

“వాళ్ళు అట్లాగే వద్దంటారు. మనం మళ్ళీ అడగాలి,” అన్నాడాయన. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయిన మనిషికి ఇంకేం చెబుతుంది?

శవం ఉన్న ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని అక్కయమ్మకు బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు. అత్త పోయినప్పుడు పక్కింటివాళ్ళే అన్నం వండి తెచ్చారు. ఇప్పుడు లైటరు తీసి, మళ్ళీ కింద పెట్టింది. అయినా వెలిగించింది. గుడ్లు ఉడికించింది, బ్రెడ్డుకు వెన్న రాసింది, పళ్ళాల నిండా పేర్చింది.

జనం రాకపోయి ఉంటే అదో రకం. బోలెడంత మంది వచ్చారు. అపార్ట్‌మెంటు వాళ్ళు, ఆఫీసు వాళ్ళు, బడిపిల్లల తల్లులు. వచ్చినవాళ్ళు దండ వేశారు, చేతులు జోడించారు, కొందరు వెక్కి వెక్కి ఏడ్చారు. కాసేపు నిలబడి, ఎవరితోనూ చెప్పకుండా తల వంచుకుని వెళ్ళిపోయారు. చావింట్లో వెళ్ళొస్తామని ఎవరంటారు? మళ్ళీ రావాల్సిన గడపా అది? మనకు తెలుసు. డెక్లన్‌కు తెలీదు. ఆయన పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, “కూర్చోండి, కొంచెం తినండి,” అని ఒక్కొక్కరినీ బతిమాలాడు. వాళ్ళు ఒళ్ళు ముడుచుకుని, “వద్దు అంకుల్, ప్లీజ్,” అంటూ చెప్పుల్లో కాళ్ళు పెట్టేశారు.

కూరగాయల బండి చెన్నరాయప్ప వచ్చాడు. రోజూ ఈ గుమ్మంలో నోరీన్ చేతి టీ తాగినవాడు. డెక్లన్ మొహం విప్పారింది, కప్పు అందించబోయాడు. చెన్నరాయప్ప కళ్ళు తుడుచుకుని, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు. డెక్లన్ కప్పుతో లిఫ్టు దాకా వెళ్ళి, అక్కడే నిలబడిపోయాడు.

అక్కయమ్మ తట్టుకోలేక ఎదురింటి శైలజను వంటింట్లోకి లాక్కొచ్చింది. శైలజ సాఫ్ట్‌వేరు ఉద్యోగి, ఇంగ్లీషు దంచేస్తుంది.

“శైలజమ్మా, సారుకు నువ్వన్నా చెప్పు. ఆయప్ప వేరేగా అనుకుంటా ఉండాడు.”

“ఈ టైమ్‌లో ఎలా చెప్పను అక్కా? మీ వైఫ్ బాడీ ఉంది కాబట్టి ఫుడ్ ముట్టుకోం అని మొహం మీద అనాలా? చాలా హర్ట్ అవుతారు.”

అయినా వెళ్ళి, ఇది మా కస్టమ్ అంకుల్ అని ఏదో నసిగింది. ఆయన తలూపాడు. అర్థమైనవాడు ఊపే తల కాదది. శైలజ నాలుగు మంచిమాటలు చెప్పి, తనూ ఏమీ ముట్టకుండానే ఇంటికెళ్ళి తలస్నానం చేసింది.

డెక్లన్ వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. “మా నాన్న పోయినప్పుడు మా ఇల్లు రెండు రోజులు ఖాళీ కాలేదు. తిన్నారు, తాగారు, ఆయన గురించి చెప్పుకుని నవ్వారు. మనిషి ఎలా బతికాడో అప్పుడే తెలిసేది. ఇక్కడ తొమ్మిదేళ్ళున్నాం. ఒక్కరు కూర్చోలేదు. ఒక్కరు చెప్పి వెళ్ళలేదు. నోరీన్ వీళ్ళంతా మనవాళ్ళే అనేది, పిచ్చిది,” అన్నాడు. తర్వాత అక్కయమ్మ వైపు చూశాడు. “నువ్వు కూడా తినలేదు.”

అక్కయమ్మ తల దించేసుకుంది. ఇంట్లో కూతురు చైత్ర నిండు చూలాలు. ఇక్కడ ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని ఆ పిల్ల ముందుకు ఎట్లా వెళుతుంది? తినలేదు, ఎందుకు తినలేదో చెప్పనూ లేదు. ఇంత మందికి వండి పెట్టిన చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి.

సాయంత్రం ఆయన్ను బలవంతంగా లోపల పడుకోబెట్టింది. ఆ సమయంలోనే బడి టీచర్లు గుంపుగా వచ్చి, ఏడ్చి వెళ్ళారు. పళ్ళాలు నిండుగా అట్లాగే ఉన్నాయి, బ్రెడ్డు అంచులు ఎండిపోతున్నాయి. ఆయన లేచి మళ్ళీ వీటినే చూస్తాడనే ఆలోచన ఆమె భరించలేకపోయింది. గేటు పక్కన కట్టడం పనివాళ్ళ షెడ్లు ఉన్నాయి, ఇస్తే పిల్లలు తింటారు. కానీ చావింటి కూడు చెప్పకుండా పెట్టడం కంటే పాపం ఉందా? చెబితే ఎవరు తింటారు? చివరికి అన్నీ కవర్లో వేసుకుని కిందికి దిగి తడిచెత్త డబ్బాలో వేసింది. తను వెన్న రాసిన ముక్కలే. వేస్తూ, “తప్పయిపోయిందమ్మా, నన్ను మన్నించు,” అని గట్టిగానే ఏడ్చింది. ఫ్లాస్కులోని టీ సింకులో పోసి, కప్పులన్నీ తడిపి బోర్లించింది.

డెక్లన్ లేచి వచ్చి ఖాళీ పళ్ళాలు చూశాడు, బోర్లించిన కప్పులు చూశాడు.

“వచ్చినారు సారూ, బడి టీచర్లు. శానా మంది,” అంది అక్కయమ్మ. ఆ పైన మాట దానంతటదే వచ్చేసింది. “అందరూ తిన్నారు సారూ.”

“కూర్చున్నారా?”

“కూర్చున్నారు. అమ్మ గురించి శానాసేపు మాట్లాడుకున్నారు.”

ఆయన మొహంలో రక్తం తిరిగి వచ్చినట్టయింది. గబగబా హాల్లోకి వెళ్ళి అద్దాల పెట్టె మీదికి వంగి నోరీన్‌తో ఏదో చెప్పుకున్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు విని, చెప్పిన అబద్ధానికి పుణ్యమే వస్తుందిలే అని అక్కయమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

డెక్లన్ చొక్కా చేతులు మడుచుకుంటూ మళ్ళీ వంటింట్లోకి వచ్చాడు.

“రేపు ఆదివారం, ఇంకా ఎక్కువ మంది వస్తారు. నోరీన్ చెల్లెలు కూడా చూడాలి. ఇప్పుడే మొదలుపెడదాం, నేను కూడా చేస్తాను,” అన్నాడు. “ఇవాళ పడుకుని చూడలేకపోయాను. రేపు అక్కడే కూర్చుంటాను. వాళ్ళు తింటుంటే నా కళ్ళతో చూడాలి.”

అక్కయమ్మ గుడ్లు ఉడకబెట్టడానికి గిన్నెలో నీళ్ళు పోసింది.