వినతిపత్రానికి నేను జతచేసిన పట్టిక

అశోక్‌నగర్‌లో నా దుకాణానికి జిరాక్స్ సెంటర్ అనే బోర్డు ఉంటుంది. కానీ నా అసలు గొప్పతనం వేరే ఉందని చాలాకాలం నమ్మాను. నేను వినతిపత్రాలు బాగా రాస్తాను. కరెంటు మీటరు మీద పేరు మార్చాలన్నా, పొంగుతున్న డ్రైనేజీ గురించి మొరపెట్టుకోవాలన్నా చుట్టుపక్కల నాలుగు గల్లీల వాళ్లు నా దగ్గరికే వచ్చేవారు. నేను టైపు చేస్తున్నంతసేపూ స్టూలు మీద కూర్చుని, డాక్టరు ఏం చెబుతాడో అన్నట్టు నా ముఖం చూసేవారు. అది నాకు చాలా బాగుండేది. ఈ వయసులో ఒప్పుకోవడానికి మొహమాటం ఏముంది?

ఈ విద్య నాకు పరీక్షల వల్ల అబ్బింది. పల్లె నుంచి గ్రూప్స్ రాయడానికి వచ్చాను. ఆరేడేళ్లు రాశాను. తర్వాత రాయడం మానేసి, రాసేవాళ్లకు నోట్సు జిరాక్స్ తీసి ఇచ్చే పనిలో కుదురుకున్నాను. ఉద్యోగం రాలేదు గానీ జవాబు రాసే పద్ధతి చేతిలో ఉండిపోయింది. ఇక్కడ ఏ కోచింగ్‌లో అడిగినా ఒకటే చెబుతారు: ఉపోద్ఘాతం రెండు ముక్కల్లో ముగించు, విషయం పాయింట్లుగా రాయి, మధ్యలో ఒక పట్టిక గీయి. పట్టిక లేని జవాబు దిద్దేవాడి కంటికి ఆనదట. ఈ మాట నా బుర్రలో ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే, కిరాణా సామాను చీటీలో కూడా గళ్లు గీస్తానని మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

మా వ్యాపారుల సంఘం అధ్యక్షుడికి నారాయణగూడలో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. ఆయన తాత పెట్టిన దుకాణం. ఒకరోజు సంఘం సభ్యులందరినీ తన దుకాణం మేడమీదికి పిలిచాడు. ఒకదాంట్లో ఒకటి దూర్చిన గుండిగల మధ్య, అట్టపెట్టెల మీద సర్దుకుని కూర్చున్నాం. పుస్తకాల దుకాణాల వాళ్లు, కర్రీ పాయింట్ల వాళ్లు, స్టడీ హాళ్ల వాళ్లు, హాస్టళ్ల వాళ్లు అందరూ వచ్చారు.

"కంపెనీలన్నీ పట్నం అవుతలి దిక్కు పోయినయ్. పెద్ద షాపులు గూడ పోయినయ్. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాంక నడుసుకుంట వచ్చి చీరలు కొనేటోళ్లు ఒకప్పుడు. ఇప్పుడు నడుద్దమంటే ఫుట్‌పాతే లేదు," అన్నాడు ఆయన. "సర్కారు ప్లాన్ల మన గల్లీలు ఇంకా ఉత్త ఇండ్లే అని ఉన్నది. ఇండ్లల్ల దుకాణం పెడితే తప్పంట. మరి ఈడ ఉత్త ఇండ్లు ఏడున్నయో జర చూపియ్యమనుండ్రి."

ఆయన అన్నది నిజమే. మా గల్లీలు కాగితం మీద రెసిడెన్షియల్. కింద పుస్తకాల కొట్టు, పైన స్టడీ హాలు, ఆ పైన హాస్టలు ఉన్న ఇంటిని కూడా కాగితం ఒక కుటుంబం ఉండే ఇల్లుగానే చూస్తుంది. మేం మూడు కోరికలు రాసుకున్నాం. ఇల్లూ దుకాణమూ రెండూ ఉండొచ్చని మా గల్లీల జోన్ మార్చాలి. చిన్న జాగాల్లో కూడా కిరాయి గదుల కోసం ఇంకో రెండంతస్తులు కట్టుకోనివ్వాలి. ఫుట్‌పాతులు, దీపాలు, మురుగుకాలువలు బాగుచేయాలి. ఆ కోరికల్లో తప్పేమీ లేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. కాగితం రాసే పని నాకు అప్పగించారు. నేను వద్దనలేదు సరికదా, ఇంకెవరైనా రాస్తామంటారేమోనని కాస్త కంగారుపడ్డాను కూడా.

రెండు పేజీలు రాశాక చూసుకుంటే చప్పగా ఉంది. పట్టిక లేదు. సరే, ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకొద్దామని అట్ట పట్టుకుని బయల్దేరాను.

మా గల్లీ చివర ఒక పాత రెండంతస్తుల ఇంట్లో ఆడపిల్లల హాస్టలు ఉండేది. దాన్ని నడిపే ఆమెను పిల్లలంతా అక్కా అనేవారు, కాబట్టి మేమూ అక్కా అనేవాళ్లం. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి భర్తతో కలిసి స్లాబ్ పనికి వచ్చిన మనిషి. కొన్నేళ్లు తట్ట మోసింది, తర్వాత ఒక హాస్టల్లో వంటకు కుదిరింది, చివరికి ధైర్యం చేసి ఆ ఇల్లు తనే కిరాయికి తీసుకుంది. భర్త ఇంకా మేస్త్రీ పనికే పోయేవాడు. ఆ హాస్టలు ఆమె జీవితంలో మొదటిసారి తనది అని చెప్పుకున్న వస్తువు. గేటుకు తనే రంగు వేసుకుంది.

"ఎంతమంది ఉంటున్నరు అక్కా?" అని అడిగాను.

"నలబై ఒక్కరు. ఇద్దరు వరండాల పండుకుంటరు, వాళ్లను గూడ రాస్కో. మల్ల మమ్ముల ఇడిసిపెట్టినవని అలుగుతరు."

మామూలుగా మా దగ్గర ఎవరైనా వచ్చి ఎంతమంది ఉంటున్నారని అడిగితే, ఎంతటి సత్యసంధుడైనా సగమే చెబుతాడు. ఆ రోజు మాత్రం ఎవరూ దాచలేదు. అడిగింది నేను. సంఘం పని, మన పని. వారం తిరిగేసరికి రెండు గల్లీల వివరాలు నా చేతిలో ఉన్నాయి. ఇంటి నంబరు, అనుమతి ఉన్న అంతస్తులు, కట్టిన అంతస్తులు, అనుమతి దేనికి, వాడుతున్నది దేనికి, ఉంటున్నవాళ్లు ఎంతమంది. అనుమతినీ వాస్తవాన్నీ పక్కపక్క గళ్లలో పెట్టాను. ఒక కుటుంబం కోసం కట్టిన ఇంట్లో నలభై ఒక్కమంది ఉంటున్నారంటే ఇక్కడ గదులకు ఎంత కరువుందో చెప్పడానికి వేరే వాదన దేనికి? ఆ అంకె కింద గీత కూడా గీశాను. అక్క సంతకం ఆమె ఇంటికి వెళ్లి నేనే చేయించుకొచ్చాను.

అధ్యక్షుడు కళ్లజోడు పైకెత్తి, దించి, మళ్లీ ఎత్తి చదివాడు. "జబర్దస్త్ రాసినవ్ తమ్మీ. ఈ గళ్లు గీసినవ్ సూడు, ఇది తగుల్తది," అన్నాడు.

తగిలింది. ఐదుగురం కలిసి మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాం. అక్కడి ప్లానింగ్ అధికారి నెమ్మదైన మనిషి. మా ఉపోద్ఘాతాన్ని ఇట్టే తిప్పేశాడు, కోరికల మీద ఒక చూపు వేశాడు, పట్టిక దగ్గర ఆగాడు. చాలాసేపు ఆగాడు. నేను అధ్యక్షుడి మోచేతిని తట్టాను, చూశారా అన్నట్టు. పరీక్షల్లో ఎన్నడూ చూడలేకపోయిన దృశ్యం అది: నేను రాసిన జవాబును నా కళ్లెదుటే ఒకరు శ్రద్ధగా దిద్దుతున్నారు.

"ఇవన్నీ మీరే స్వయంగా చూసి రాశారా?" అని అడిగాడు.

"ఇంటింటికి తిరిగి రాసినం సార్. ఒక్క అంకె గూడ తప్పు పోదు," అన్నాను.

"అయితే ప్రతి పేజీ మీదా ఒక సంతకం పెట్టండి."

పెట్టాను. ఎంత సంతోషంగా పెట్టానంటే, చివరి పేజీలో తేదీ కింద నా ఫోన్ నంబరు కూడా రాశాను.

మూడు వారాల తర్వాత అక్క నా దుకాణానికి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నోటీసు. "అన్నా, జర ఇది సూడు. నాకు సగం అర్థమైతలేదు," అంది. నేను చదివి చెప్పాను. ఒక కుటుంబ నివాసానికి అనుమతి ఉన్న ఇంటిని హాస్టలుగా వాడుతున్నారు, నలభై ఒక్కమంది ఉంటున్న ఇంటికి ప్లాను ప్రకారం ఒకటే మెట్లదారి ఉంది, నిప్పు అంటుకుంటే బయటపడే దారి లేదు, కాబట్టి పదిహేను రోజుల్లో ఖాళీ చేయించాలి. గల్లీలో మరో నాలుగు ఇళ్లకు కూడా అలాంటివే వచ్చాయి. గడువు ముగిసిన నాలుగో రోజున ఆమె పిల్లల్లో చాలామందికి పరీక్ష.

చదువుతుండగానే గమనించాను. ఆ నోటీసులో వివరాలు నా పట్టికలో ఉన్న వరుసలోనే ఉన్నాయి.

"నలబై ఒక్కరని వాళ్లకెట్ల తెల్సిందన్నా? వచ్చి సూసినోళ్లు ఎవ్వరు లేరు గదా," అంది.

తెలియదని చెప్పొచ్చు. ఒక క్షణం ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "నేనే రాసిన అక్కా. మన సంఘం కాయిదంల," అన్నాను.

ఆమె నోటీసును కవరులో పెట్టి మడతపెట్టింది. "మంచి కోసమే రాసినవ్ గదా," అంది. తిట్టి ఉంటే బాగుండేది. నాకు సిగ్గేసింది. ఇంతమంది ముందు ఇంతకాలం తెలివైనవాడిలా కూర్చున్న కుర్చీలోనే, ఎక్కడ చూడాలో తెలియక ప్రింటరు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ సాయంత్రమే అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాను. పట్టికను వెనక్కి తీసుకుందామని, అందులోవి ఉజ్జాయింపు అంకెలని ఇంకో కాగితం పెడదామని అడిగాను.

"ఫైలు కదిలింది తమ్మీ. ఇప్పుడు పట్టిక తప్పంటే మొత్తం కాయిదమే తప్పయితది. నలుగురైదుగురికి జర పరేషాన్ అయితది, నిజమే. గని గల్లీ మొత్తం బాగుపడ్తది గదా?"

"మీ దుకాణం మెయిన్ రోడ్డు మీదున్నది కాబట్టి మీరు ఎన్నయిన చెప్తరు," అన్నాను కోపంగా. ఆయన దుకాణం ముందునుంచీ కమర్షియలే. నా పట్టికలో ఆయనకు వరుసే లేదు. ఆయన నొచ్చుకోలేదు, చాయ్ తెప్పించాడు. నేను తాగాను. కోపం వచ్చినవాడు చాయ్ తాగకూడదని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

మర్నాడు అక్క తరఫున జవాబు టైపు చేశాను. పట్టికలోని అంకెలు నేను ఊహించి రాసినవనీ, ఆ ఇంట్లో ఉంటున్నది ఆమె కుటుంబం, కొందరు బంధువుల పిల్లలు మాత్రమేననీ, పొరపాటుకు నేనే బాధ్యుణ్ననీ రాశాను. కింద నా పేరు పెట్టాను, సంతకానికి చోటు వదిలాను. ఆమె కాగితం తీసుకుని వాక్యం వాక్యం చదివింది.

"వద్దన్నా," అంది. "ఉన్న పిల్లల్ని లేరని ఎట్ల రాస్తవ్? వాళ్లు వచ్చి సూస్తే నువ్వు గూడ ఇరుకుతవ్. ఇగ ఆ మెట్ల సంగతి నిజమే. రోజు పండుకునేటప్పుడు నాకు గదే బుగులు."

ఆ కాగితం మీద నేను సంతకం పెట్టనవసరం లేదని తెలియగానే నా గుండెల మీద నుంచి బరువు దిగిపోయింది. ఆమె సంసారం వీధిలోకి వస్తుంటే నాకు హాయిగా అనిపించిందన్నమాట. అది ఇప్పటికీ మింగుడుపడదు.

గడువు పెంచమని మాత్రం ఒక అర్జీ రాసిచ్చాను, పరీక్ష సంగతి చెప్పి. వారం పెంచారు. ఆఫీసువాళ్లు దయలేనివాళ్లేమీ కాదు. పరీక్ష అయిన మరుసటిరోజు ట్రాలీ ఆటోలు వచ్చాయి. ఇనుప మంచాలు, పరుపులు, నలభై మందికి ఉప్మా చేసే గిన్నె అన్నీ గల్లీలోకి వచ్చాయి. కొందరు పిల్లలు దోమలగూడకు, కొందరు హైదర్‌గూడకు వెళ్లారు, కొందరు సామానుతో సహా ఊళ్లకు బస్సెక్కారు. అక్క విద్యానగర్‌లో ఒక పోర్షన్ తీసుకుంది. పన్నెండు మందిని మాత్రం వెంట తీసుకుపోగలిగింది. నేను రెండు మంచాలు మోశాను. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు.

ఏడాది దాటాక మా కోరికల్లో రెండు తీరాయి. గల్లీల జోన్ మారింది. ఫుట్‌పాత్ కూడా వేశారు, సాయంత్రాలు జనం నిజంగానే నడుస్తున్నారు. సంఘం సభ పెట్టి నాకు శాలువా కప్పింది, పట్టిక వల్లే పని జరిగిందని అధ్యక్షుడు మైకులో చెప్పాడు. అక్క ఉన్న పాత ఇంటిని యజమాని పక్క జాగాతో కలిపి బిల్డరుకు ఇచ్చాడు. ఇప్పుడక్కడ ఐదంతస్తులు లేచాయి. పై నాలుగంతస్తుల్లో ఆడపిల్లల హాస్టలే ఉంది. లిఫ్టు ఉంది, రెండు మెట్లదారులు ఉన్నాయి. మంచి గదులు. అక్క ఒకసారి వచ్చి కిరాయి ఎంతో కనుక్కుని వెళ్లిందని వాచ్‌మన్ చెప్పాడు. నా వ్యాపారం పెరిగింది. ఇంకో మెషిన్ కొన్నాను.

మొన్న వేసవిలో ఆమె దుకాణానికి వచ్చింది. మనిషి కాస్త చిక్కింది. పిల్లలు ఇరవై మంది అయ్యారట. ఇంకో పోర్షన్ చూస్తోందట. సంచిలోంచి పిన్ను కొట్టిన నాలుగు కాగితాలు తీసింది.

"మా గల్లీల గూడ సంఘం పెట్టిన్రన్నా. దుకాణాలకు పర్మిషన్ కావాలని అర్జీ పెడ్తున్నరు. సంతకం జెయ్యమని ఇది ఇచ్చిన్రు. ఒక కాపీ తియ్యి, ఇంటికి తీస్కపోయి మొత్తం సదివి, అప్పుడు జేస్త."

"అట్లనే జెయ్యి అక్కా," అన్నాను.

"నీ కాయిదం గూడ సదివేదుండె," అంది, కోపం ఏమీ లేకుండానే. "నువ్వు రాసినవని సదవలే."

నాలుగు పేజీలూ కాపీ తీసి, పిన్ను కొట్టి ఇచ్చాను.