పిన్ని చేయించిన సీటు

మా పిన్ని పెద్దకర్మనాడు, ఆమె ఎంతో ఓర్పుగల మనిషని అందరూ అన్నారు. నాకు మాత్రం ఒక కారు సీటు గుర్తొచ్చింది.

డెబ్బైల్లో తిరువూరులో బాబాయికి పాత అంబాసిడర్ ఉండేది. దాని ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే బల్లలా ఉండేది. ముగ్గురు పట్టేవారు. అయినా బాబాయి పక్కన వాళ్లమ్మ ఒక్కతే కూర్చునేది. పిన్ని ఎక్కబోతే, "నాకు ఇరుకు. వెనక్కెళ్లు అమ్మాయ్" అనేది.

"అలాగే అత్తయ్యగారూ" అని పిన్ని మామిడిపళ్ల బుట్టల పక్కన సర్దుకునేది. ఆ మాటలో కోపం ఎన్నడూ వినపడలేదు.

ఆ సీటు చిరిగాక, ఇప్పుడు విడివిడి సీట్లే ఫ్యాషనని పిన్ని బాబాయిని ఒప్పించింది. బెజవాడలో సీట్లు కుట్టే సాయిబుగారికి తనే కొలతలు చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

"డ్రైవరు పక్కది బాగా లోతుగా, ఇరుగ్గా ఉండాలండి."

"లావుపాటి వాళ్లు కూర్చుంటే లేవలేరమ్మా!"

"అలాగే చెయ్యండి."

గంపలగూడెం పెళ్లికి వెళ్తూ అత్తగారు ఎప్పటిలాగే ముందు కూర్చుంది. పెళ్లివారి గుమ్మంలో కారాగితే లేవలేకపోయింది. వియ్యాలవారంతా చూస్తుండగా ఇద్దరు మగవాళ్లు చంకల కింద చేతులు వేసి లాగారు.

"పత్తిబోరెం దిగిందర్రా!" అన్నారెవరో. పిన్ని నవ్వలేదు. వంగి అత్తగారి చీర కుచ్చిళ్లు సర్దింది.

తిరుగు ప్రయాణంలో ఆవిడ తనంతట తనే వెనక ఎక్కింది. బాబాయి పక్కన పిన్ని కూర్చుంది. దారిలో ఆవిడ, "అమ్మాయ్, దాహం" అని రెండుసార్లు అంది. నీళ్ల మరచెంబు పిన్ని ఒళ్లోనే ఉంది. తిరువూరు వచ్చేదాకా ఆమె వెనక్కి తిరగలేదు.